కొండ మీద తెల్లగీత

తిరుపతిలో పెరిగినవాళ్లకి కొండను ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. పొద్దున వాకిలి తీస్తే ఉత్తరాన కొండ. రాత్రి మేడ ఎక్కితే గాలిగోపురం దగ్గర వెలిగే నామాలు. ఇన్నేళ్లుగా కళ్లెదుటే ఉన్న ఆ కొండను ఈ మధ్యనే మొదటిసారి చూశానంటే నమ్మండి. విమానంలోంచి తీసిన ఒక పాత నలుపు తెలుపు ఫొటోలో చూశాను. అప్పటినుంచి ఎవరు కనిపించినా ఇదే మాట. ఇప్పుడు మీకూ చెప్పాలి.

ఫొటో ఒక మిత్రుడి ఇంట్లో, వాళ్ల నాన్నగారి కాగితాల మధ్య దొరికింది. వెనక పేరు లేదు, తేదీ లేదు. ఒక పక్క ఊరు, ఒక పక్క కొండ. కొండ మీద రెండు గీతలు. ఒకటి సన్నగా, బూడిద రంగులో, మెలిక మీద మెలిక తిరుగుతూ పైకి పోతుంది. రెండోది సున్నం పూసినంత తెల్లగా మెరుస్తూ కొండవాలు వెంట చాలా దూరం సాగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. అక్కడ నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. అది తిరుమల రెండో ఘాట్ రోడ్డు! ఇంకా వేస్తున్న రోడ్డు! రోజుకు వేలమంది ఎక్కే దారి పూర్తికాని రోజుల్లో ఎలా ఉండేదో నా చేతిలో ఉంది.

తేదీ లేకపోయినా కాలం చెప్పడానికి ఫొటోలోనే ఆధారాలున్నాయి. మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. ఆ దారి ఆలోచనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చెయ్యి ఉంది. రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చింది. ఊరికి పడమటి పక్క మైదానంలో వరసగా పెద్ద పెద్ద కట్టడాలు కనిపిస్తున్నాయి, అది వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1954లో పుట్టింది. ఇక లెక్క తేలిపోయింది: విశ్వవిద్యాలయం వచ్చాక, కొత్త రోడ్డు పూర్తి కాకముందు. ఒక్క అక్షరం లేని ఫొటో తన కాలాన్ని తానే చెప్పుకుంటుందని తెలిసిన క్షణం నుంచి నేను దాన్ని వదల్లేదు.

ఇలాంటి ఫొటో చూడటానికి ఒక పద్ధతి ఉంది. మొదట చెయ్యాల్సింది ఫొటోని తిప్పడం. మన కన్నుకు వెలుగు పైనుంచే పడుతుందని అలవాటు. పటాల్లో ఉత్తరం పైన ఉంటుంది కదా అని ఫొటోని కూడా అలాగే పట్టుకుంటే, చలికాలపు ఎండ దక్షిణం నుంచి, అంటే ఫొటో అడుగు వైపు నుంచి పడుతుంది. దాంతో కోనలన్నీ గుట్టల్లా ఉబ్బుతాయి, గట్లన్నీ పల్లాలవుతాయి. నీడలు మనవైపు పడేలా తిప్పి పెట్టుకోవాలి. అంతే, ఎక్కడి కోన అక్కడ దిగిపోతుంది, ఎక్కడి గట్టు అక్కడ లేచి నిలబడుతుంది. ఇప్పుడు ఊరు పైన, కొండ కింద. సరిగ్గా కొండమీద నిలబడి ఊరివైపు చూస్తున్నట్టే ఉంటుంది.

తర్వాత తెలుపులు. ఈ ఫొటోలో మూడు రకాల తెలుపులున్నాయి, మూడూ వేరు. ఊరికి దక్షిణంగా వెడల్పాటి తెల్లపట్టీ ఒకటి ఉంది. ఒక చోట పలచబడి, ఒక చోట ఉబ్బి, ఒడ్డు ఒక తీరున ఉండదు. అది స్వర్ణముఖి, నీళ్లు లేని కాలంలో ఇసుక. కొండ అంచున గీసి కోసినట్టు నిలువుగా మెరిసే తెలుపు ఇంకొకటి, అది చెట్టు మొలవని రాతిగోడ. మూడోది మన రోడ్డు. దాని వెడల్పు ఎక్కడా మారదు. వాలు ఎంత తిరిగినా అది తన ఎత్తును కొద్ది కొద్దిగా పెంచుకుంటూనే పోతుంది. మనిషి గీసిన గీతకూ ఏరు గీసిన గీతకూ ఉన్న తేడా అంత స్పష్టంగా కనబడుతుంది.

భూతద్దం పెట్టి చూస్తే ఇంకో అద్భుతం. తెల్లగీతకు కింది వైపున, చోటుచోటున, సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ విచ్చుకునే తెల్లటి జాడలు వేలాడుతున్నాయి. కొండను తొలిచిన రాయీ మట్టీ కోనలోకి జారిపోయిన జారుళ్లవి. జారుడు పొడుగ్గా ఉన్నచోట తొలిచింది ఎక్కువ. అది లేనిచోట నేల తనంతట తానే దారి ఇచ్చింది. ఏ మలుపు దగ్గర ఎంత చెమట కారిందో ఆ జారుళ్లే చెబుతాయి. ఇప్పుడు వాటి మీద చెట్లు మొలిచాయి, అడవి కప్పేసింది. బస్సులో కూర్చుంటే ఆ కష్టం మనకు ఆనవాలుకైనా కనబడదు. రోడ్డు వేస్తున్నప్పటి ఫొటోకే ఆ భాగ్యం ఉంది.

ఇక గుర్తులు పట్టడం. నల్లటి చదరాలు వెతకాలి. నీళ్లు వెలుగును మింగేస్తాయి కాబట్టి నలుపు తెలుపు ఫొటోలో కోనేరు నల్లగా ఉంటుంది. కొండ పాదం దగ్గర, రాతిగోడ ఒదిగిన మూలలో ఒక నల్ల చదరం: కపిలతీర్థం. దానికి పడమరగా, దారులన్నీ కలిసి కొండలోకి దూరే చోటు అలిపిరి. ఊరి నడుమ పొడుగాటి నీడ ఒకటి ఇళ్లకప్పుల మీద పడి ఉంది. ఆ నీడ ఎవరిది? గోవిందరాజస్వామి గుడి గోపురానిది!

ఈ నీడ సంగతి చెప్పకుండా ఉండలేను. నేలమీద నిలబడ్డవాడికి ఎంత దూరం నుంచైనా కనబడాలని గోపురం కట్టారు. ఆకాశం నుంచి చూస్తే అదే గోపురం ఒక చిన్న చదరం, అంతే. దాని ఎత్తంతా నీడలోకి వెళ్లిపోతుంది. ఆ నీడతో ఎత్తు కొలవొచ్చు కూడా. నేలమీద 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు గుర్తులు ఫొటోలో 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి, సెంటీమీటరుకు 250 మీటర్లు. సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తున, 45 డిగ్రీల దగ్గర ఉంటే ఏ వస్తువు నీడైనా దాని ఎత్తంతే ఉంటుంది. అప్పుడు 50 మీటర్ల కట్టడం నీడ ఫొటోలో 2 మిల్లీమీటర్లు. రెండే రెండు మిల్లీమీటర్లు! బియ్యపు గింజలో సగం లేని ఆ నల్లచారలో ఏడంతస్తుల గోపురం ఇమిడి ఉంది. ఆ మాట తట్టగానే భూతద్దం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అలిపిరి దొరికాక కాలిబాట దొరుకుతుంది. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. పాత రోడ్డు దాన్ని ఒకచోట దాటుతుంది, ఒకచోట దానికి ఆనుకుని నడుస్తుంది. కానీ కొండమీది మలుపుల పేర్లు నాకు తెలియవు. అవి తెలిసిన మనిషి మా వీధిలోనే ఉన్నాడు. ఒకప్పుడు ఘాట్‌లో బస్సు నడిపిన పెద్దాయన. ఎక్కడమూ దిగడమూ ఒకే రోడ్డు మీద జరిగిన కాలం కూడా ఆయనకు తెలుసు. ఫొటో ఆయన చేతికిచ్చాను.

కళ్లద్దాలు సర్దుకుని, ఫొటోని తనంతట తానే అటు తిప్పి ఇటు తిప్పి, అలిపిరి మీద వేలు పెట్టాడు. వేలు కదులుతుంటే రెండో చెయ్యి గాలిలో స్టీరింగు తిప్పుతోంది! "ఈడ కొండకి ఆనుకోవాల. ఈడ వదిలేయాల. ఆఁ, ఇదో, అక్కగార్ల గుడి ఈడ ఉండాది సామీ. దండం పెట్టుకోకుండా ఎవుడూ దాటడు." ఫొటోలో అక్కడ గుడి కనబడనే కనబడదు, మలుపు పక్కన ఒక చుక్క తప్ప. అయినా ఆయనకు సందేహం లేదు. వేలు పైకి పోయింది. "ఇది ఏడో మైలు. ఇది మోకాళ్లమెట్టు. ఈ నల్లటి లోతు చూస్తావుండావే, అవ్వాచారి కోన. చూసినావా ఎంత లోతుందో."

"పెద్దాయనా, ఇంత చిన్న బొమ్మలో ఎట్ల గుర్తుపడతావుండావు?" అన్నాను.

"గుర్తుపట్టేదేముండాదబ్బా, చేతికి తెలుసు" అన్నాడు.

పుస్తకాల్లో రంగు, ఆకారం, నీడ, నేల తీరు, పక్కన ఏముంది అనే వరస చెబుతారు. వాటన్నిటితో నేను ఫొటో మీద తంటాలు పడుతుంటే ఆయన చెయ్యి దాని మీద బస్సు నడుపుకుంటూ వెళ్లిపోయింది. పాత రోడ్డులోని 36 హెయిర్‌పిన్ మలుపులూ ఆయన భుజంలో ఉన్నాయి. విమానం తీసిన ఫొటో, డ్రైవరు చెయ్యి, ఈ రెండూ ఒకచోట చేరినప్పుడే కొండ పూర్తిగా తెలుస్తుంది.

రెండు గీతల మధ్య తేడా కూడా అప్పుడే అర్థమైంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి సుమారు 150. అంటే ఏ దారైనా 700 మీటర్లు ఎక్కాల్సిందే. పాత దారి సుమారు 19 కిలోమీటర్లు, కాబట్టి సగటున 27 మీటర్లు పోతే ఒక మీటరు పైకి. కొత్త దారి సుమారు 16 కిలోమీటర్లు, 23 మీటర్లకు ఒక మీటరు. పాత దారి కొండను బతిమాలుకుంటూ, దారి ఇచ్చినచోటల్లా తిరుగుతూ పైకి పోయింది. కొత్తదానికి హెయిర్‌పిన్ మలుపులు 6 మాత్రమే. మలుపులు తగ్గాలంటే వాలును అడ్డంగా కోసుకుంటూ పోవాలి, రాతిని తొలవాలి. ఆ తెల్లటి జారుళ్లు అందుకే.

తొలిచిన రాతిలో ఏం బయటపడిందో తెలిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఫొటోలో కొండవాలు రెండు రకాలుగా ఉంది. పైన పలకలు పలకలుగా పేర్చిన రాతిగోడ, నిలువు పగుళ్లతో. కింద గుండ్రంగా, పొడిపొడిగా దిగే వాలు. పైది క్వార్ట్జైట్, ఒకప్పటి సముద్రతీరపు ఇసుక గట్టిపడి రాయైంది. కిందిది దానికంటే ఎంతో పాతదైన గ్రానైటు. రెండూ తాకే గీత దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల కాలం జాడ లేకుండా పోయింది. ఘాట్ రోడ్డు కోసిన వాలులో ఆ గీత బయటికి కనిపిస్తుంది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భౌమ స్మారకంగా గుర్తించింది. కొండమీది శిలాతోరణానికీ అదే గౌరవం ఉంది. గోవిందా గోవిందా అంటూ బస్సులో మనం దాటేసే ఒక రాతి అతుకులో 80 కోట్ల ఏళ్లున్నాయి!

ఆ నిలువు పగుళ్లను తేలిగ్గా తీసుకోకూడదు. 2021లో కుండపోత వానల తర్వాత డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీదికి పెద్ద పెద్ద బండలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. పగుళ్లలోకి నీళ్లు దిగితే ఏమవుతుందో ఆ రోజు అందరం చూశాం. ఆ పగుళ్ల వరసలు పాత ఫొటోలో భూతద్దం కింద స్పష్టంగా ఉన్నాయి. పాత ఫొటో జ్ఞాపకంగా దాచుకోవడానికే అనుకునేవాళ్లకి ఈ ఒక్క సంగతి చాలు. కొండ ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ బలహీనంగా ఉందో అడవి కప్పకముందు చూసిన సాక్షి అది.

మా ఇంట్లో ఇలాంటి ఫొటో లేదే అని మీరు దిగులుపడొద్దు. అమెరికా 1960 నుంచి 1972 వరకు కరోనా అనే పేరుతో గూఢచారి ఉపగ్రహాలు తిప్పింది. అవి తీసిన ఫిల్మును గుళికలో పెట్టి కిందికి జారవిడిస్తే, పారాచూట్‌తో దిగుతున్న దాన్ని విమానాలు గాలిలోనే కొక్కెం వేసి పట్టుకునేవి! 1995లో ఆ రహస్యం విప్పి, 8 లక్షలకు పైగా ఫొటోలను జనానికి తెరిచారు. వాటిలో బాగా తీసినవాటిలో రెండు మీటర్ల వస్తువు కూడా గుర్తుపట్టొచ్చు. ప్రపంచంలో ఎక్కడెక్కడి పరిశోధకులో వాటిలో పూడిపోయిన కాలువలు, చెరిగిపోయిన దారులు వెతుకుతున్నారు. మన ఊళ్ల చెరువుల కోసం, మన బండి దారుల కోసం మనమూ వెతకాలి.

ఫొటో దొరికితే సగం పనే అయినట్టు. మిగతా సగం మన పెద్దవాళ్ల దగ్గర ఉంది. పాత ఫొటో ఒకటి వాళ్ల ముందు పెట్టి, చేతికి భూతద్దం ఇవ్వండి. వాళ్లు వేలు పెట్టిన ప్రతిచోటా పేరు అడిగి ఫొటో వెనక పెన్సిలుతో రాయండి. ఏ మలుపు, ఏ కోన, ఏ చెట్టుకింద కూలీలు గుడిసెలేసుకున్నారు, ఏ బావి నీళ్లు తాగారు, అన్నీ రాయండి. ఆ పేర్లు ఏ ఉపగ్రహానికీ తెలియవు. మా పెద్దాయన చెప్పిన పేర్లన్నీ నేను రాసేశాను. ఇక చంద్రగిరి దాటి పీలేరు పోయే దారిలో భాకరాపేట ఘాట్ ఉంది, చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ ఉంది. వాటిలో లారీలు తోలిన పెద్దవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కుంటున్నాను. మీకు ఎవరైనా తెలిస్తే, ముందు వాళ్ల ఇంటికి వెళ్లండి.