ఫుర్సత్‌గంజ్‌లో తీరికుండదు!

లఖ్‌నవూ నుంచి రాయ్‌బరేలీ మీదుగా వెళ్తుంటే దారి పొడవునా గోధుమ చేలు, ఆవ చేలు, మధ్యమధ్యలో మామిడితోటలు. వంద కిలోమీటర్లు దాటేసరికి, పొలాల మీద ఓ చిన్న తెల్ల విమానం తూనీగలా తిరుగుతూ కనిపిస్తుంది. దాని వెనకే ఇంకోటి. చేలో పనిచేసేవాళ్లు మాత్రం తలైనా ఎత్తరు. నలభై ఏళ్లుగా చూస్తున్నదే కదా!

అమేఠీ జిల్లాలోని ఈ ఊరు ఫుర్సత్‌గంజ్. ఫుర్సత్ అంటే తీరిక. ‘పద్మావత్’ రాసిన జాయసీ సొంతూరు జాయస్ ఈ పక్కనే. రైల్వేస్టేషన్ పేరును 2024లో తపేశ్వర్‌నాథ్ ధామ్‌గా మార్చారు కానీ, పైలట్లందరికీ ఇది ఇప్పటికీ ఫుర్సత్‌గంజే. ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ 1985లో ఇక్కడే మొదలైంది. అప్పటి ప్రధాని రాజీవ్‌గాంధీ ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్. అమేఠీ ఆయన నియోజకవర్గం. ఇంతదూరం పల్లెకు అకాడమీ ఎలా వచ్చిందో వేరే చెప్పాలా!

ఇక్కడ సీటుకి ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ చదివి ఉండాలి. రాతపరీక్ష, ఇంటర్వ్యూ, పైలట్ ఆప్టిట్యూడ్ టెస్టు దాటాలి. కళ్లజోడుంటే పనికిరారని మన ఇళ్లలో ఓ అపోహ. అద్దాలతో చూపు సరిపోతే చాలు, రంగులు గుర్తుపట్టలేకపోతేనే చిక్కు. అందుకే డబ్బు కట్టకముందే డాక్టరు దగ్గరికెళ్లడం మంచిది.

లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. అందులో వంద గంటలు తానే కెప్టెన్‌గా. రాత్రిపూట ఎగరాలి, 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్లు ప్రయాణించి దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగాలి. ఇవి కాక నావిగేషన్, వాతావరణం, నిబంధనల పరీక్షలు.

అసలు పరీక్ష పెట్టేది డిసెంబరు, జనవరి పొగమంచు. రన్‌వే అవతలి కొస కనపడదు. తెల్లారే తయారై కూర్చున్న పిల్లలు మంచు విడిచేదాకా ఆకాశంకేసి చూస్తుంటారు. గంటలు పెరగవు, బ్యాంకు వడ్డీ మాత్రం పెరుగుతుంది. ఫీజే నలభై అయిదు లక్షల పైమాట. లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌బస్సో, బోయింగో నడపడానికి టైప్ రేటింగ్ కోసం మరికొన్ని లక్షలు. అప్పుడైనా కో-పైలట్ ఉద్యోగం ఖాయమని ఎవరూ రాసివ్వరు. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లే రోడ్డున పడ్డారు. పొలం అమ్మి పంపాలనుకునే తల్లిదండ్రులు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మరి పిల్లలెందుకింత మొండికేస్తారు? జవాబు ఆ రన్‌వే మీదే ఉంది. ఓ ఉదయం, చెప్పాపెట్టకుండా, ఇన్‌స్ట్రక్టర్ కుడివైపు సీట్లోంచి దిగిపోతాడు. ఒక్క చక్కరు కొట్టి రమ్మని తలుపు వేసేస్తాడు. ఆయన బరువు తగ్గడంతో విమానం రోజూకన్నా తొందరగా పైకి లేస్తుంది. పక్కన ఖాళీ సీటు, కింద ఆవ చేలు. అయిదారు నిమిషాలు. చక్రాలు నేలను తాకేసరికి, బకెట్లలో నీళ్లు నింపుకుని స్నేహితులు కాచుకుని ఉంటారు.