సెలవులో ఉన్నవారి జవాబు

రమజాన్ ఇరవయ్యవ నాడు సూర్యాస్తమయానికి ముందే ఎతెకాఫ్ నిమిత్తం మస్జిదులో ప్రవేశించవలసిన ఉద్యోగికి, ఆ మధ్యాహ్నం కార్యాలయంలో చివరి పని ఒకటి మిగిలి ఉంటుంది. తనకు వచ్చే ఈమెయిళ్ళకు తాను తిరిగి వచ్చేవరకు కంప్యూటరే జవాబు చెప్పేలా ఏర్పాటు చేసుకోవడం ఆ పని. 'ఔట్ ఆఫ్ ఆఫీస్' అని మనమంతా పిలిచే ఆ ఏర్పాటుకు రెండు నిమిషాలు చాలు. అందువల్లనే కాబోలు, దాని గురించి రెండు నిమిషాలు ఆలోచించేవారు కూడా అరుదు. హైదరాబాదులోని ఒక సంస్థలో సిబ్బంది జీతాలు, భవిష్యనిధి, ఆరోగ్య బీమా వ్యవహారాలు చూసే విభాగంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆ నాలుగు వాక్యాల కోసం ఎదురుచూసే మనుషులు ఎటువంటి స్థితిలో ఉంటారో నాకు కొంత తెలుసు.

మొదటి చిక్కు తేదీ దగ్గరే వస్తుంది. అవుట్‌లుక్‌లోని 'ఆటోమేటిక్ రిప్లైస్' అయినా, జీమెయిల్‌లోని 'వెకేషన్ రెస్పాండర్' అయినా, సెలవు ఏనాటి నుండి ఏనాటి వరకు అన్నదానికి గడులు చూపుతుంది. మొదటి గడి నింపడం సులభం. రెండవ గడి నెలవంకను బట్టి ఉంటుంది. రమజాన్ 29 రోజులా, 30 రోజులా అన్నది ఇరవై తొమ్మిదవ నాటి మగ్రిబ్ దాటేవరకు ఎవరూ చెప్పలేరు. దుబాయి, రియాద్ కార్యాలయాలతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవారికి మరో మెలిక కూడా ఉంది. అక్కడి పండుగ తరచుగా మనకంటే ఒకరోజు ముందే వస్తుంది. నేను ముప్పై రోజులూ నిండుతాయనే లెక్క వేసుకుని, పండుగ రోజును, ప్రయాణానికి మరొక రోజును కలిపి ఆ తేదీనే వ్రాస్తాను. ఒకరోజు ముందుగా వస్తే ఆ ఏర్పాటును ఆపివేయడం ఎంతసేపు? చెప్పిన తేదీకి రాకపోతే మాత్రం, దానిని నమ్ముకుని కూర్చున్నవారికి మనం చేయగలిగేది ఏమీ ఉండదు.

మా కార్యాలయంలో ఒక సోదరుడు విదేశీ ఖాతాదారులకు వెళ్ళే జవాబులో కూడా "ఇన్షా అల్లాహ్, సోమవారం తిరిగి వస్తాను" అని వ్రాసేవాడు. ఆయన పైఅధికారి పిలిచి, "ఆ మాట తీసేయండి, వస్తారో రారో అన్నట్టుగా ఉంది" అన్నారట. "నిజమే కదా సార్, ఆ సంగతి ఎవరికి తెలుసు?" అని ఈయన బదులిచ్చాడట. ఆ మాట ఉండవలసిందేనని నా అభిప్రాయం కూడా. అయితే ఆ మాట వ్రాసినంత మాత్రాన మన పని మరొకరికి అప్పగించే బాధ్యత తీరిపోదు.

అవుట్‌లుక్‌లో సంస్థ లోపలివారికి ఒక జవాబు, బయటివారికి మరొక జవాబు వేర్వేరుగా వ్రాసుకునే సౌకర్యం ఉంది. దీనిని తప్పక వాడుకోవాలి. తోటి ఉద్యోగులకు 'ఎతెకాఫ్‌లో ఉన్నాను, ఫోను నా దగ్గర ఉండదు' అని చెప్పడం మంచిదే. ఆ జవాబు బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం, ఎవరో తెలియని వ్యక్తికి కూడా చేరుతుందని గుర్తుంచుకోవాలి. కుటుంబమంతా ఉమ్రాకు వెళ్ళామని, ఇరవై రోజుల పాటు ఊళ్ళో ఉండమని అందులో వ్రాయడం ఇంటి తలుపు మీద చీటీ అంటించడంతో సమానం. కారణం చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. రెండేళ్ళ క్రితం భర్తను కోల్పోయిన మా ఉద్యోగిని ఒకరు ఇద్దత్‌లో కూర్చున్నారు. నాలుగు నెలల పది రోజులు. ఆమె తరఫున ఆ జవాబును కంప్యూటర్ విభాగం వారి చేత నేనే పెట్టించాను. "నా దుఃఖం సంగతి అందులో వద్దు అన్నా, సెలవు అని ఉంటే చాలు" అన్నారామె. అలాగే పెట్టించాను.

ఈ ఏర్పాటు పనిచేసే తీరులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. మెయిల్ పంపిన ప్రతిసారీ జవాబు వెళ్ళదు. అవుట్‌లుక్ ఒక మనిషికి ఆ సెలవు కాలం మొత్తంలో ఒక్కసారే జవాబు పంపుతుంది. అదే మనిషి మళ్ళీ వ్రాస్తే, జీమెయిల్ నాలుగు రోజులు గడిచాకనే రెండవ జవాబు ఇస్తుంది. ఇందుకు పాత కారణమే ఉంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు యూనిక్స్ వ్యవస్థ కోసం ఎరిక్ ఆల్మన్ 1980లలో 'వెకేషన్' అనే ప్రోగ్రామును వ్రాశాడు. అది ఎవరెవరికి జవాబు పంపిందో జాబితా ఉంచుకుని, సాధారణంగా వారం లోపల అదే మనిషికి మళ్ళీ పంపేది కాదు. ఆ అడ్డు లేకపోతే సెలవులో ఉన్న ఇద్దరి కంప్యూటర్లు ఒకదాని జవాబుకు మరొకటి జవాబిస్తూ అంతులేకుండా మాట్లాడుకుంటాయి. కనుక కంగారుగా రెండవసారి, మూడవసారి వ్రాసే మనిషికి దక్కేది మౌనమే. చెప్పదలచినదంతా ఆ మొదటి జవాబులోనే ఉండాలి.

ఆ మౌనాన్ని మా ఇల్లు ఒకసారి చవిచూసింది. ఐదేళ్ళ క్రితం డిసెంబరు చివరి వారంలో కర్నూలులో మా అమ్మీ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. మర్నాడు ఉదయమే ఆపరేషన్ అన్నారు. అమ్మీ పేరు మా తమ్ముడు పనిచేసే సంస్థ వారి బీమాలో ఉంది. ఆధార్ కార్డులో ఆమె పేరు చివర 'బీ' అని ఉంటే, బీమా పత్రంలో 'బేగం' అని ఉంది. మన ఇళ్ళలో ఇది ఎంత మామూలో చెప్పనక్కరలేదు. ఇద్దరూ ఒకరేనని సంస్థ నుండి ఒక్క మెయిల్ వస్తే చాలన్నారు ఆసుపత్రి వారు. తమ్ముడు ఆ రాత్రే సంబంధిత అధికారికి వ్రాశాడు. వెంటనే జవాబు వచ్చింది. సెలవులో ఉన్నారట, అత్యవసరమైతే ఫలానా సహోద్యోగిని సంప్రదించమని ఆమె చిరునామా. ఆమెకు వ్రాశాడు. ఆమె కూడా సెలవే. అత్యవసరమైతే మొదటి అధికారినే సంప్రదించమని అందులో ఉంది! ఫోను నంబరు ఇద్దరి జవాబులోనూ లేదు. తరువాత ఎన్నిసార్లు వ్రాసినా ఆ జవాబు కూడా రాలేదు.

తెల్లవారుజామున మా బావ తన దుకాణంలో సరుకు కోసం ఉంచుకున్న సొమ్మంతా తెచ్చి కట్టాడు. ఆపరేషన్ సమయానికే జరిగింది. మెయిల్ నాలుగవ రోజున వచ్చింది. బీమా సొమ్ము చేతికందడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. అంతవరకు బావ దుకాణంలో అరలు సగం ఖాళీగానే ఉన్నాయి. అమ్మీకి ఈ సంగతి తెలిశాక నవ్వి, "అంటే నువ్వు చూసుకో అంటే నువ్వు చూసుకో అని ఇద్దరూ ఊరికెళ్ళారన్నమాట" అంది. కాసేపాగి, "పాపం, వాళ్ళిళ్ళల్లో ఏ అవసరమొచ్చిందో" అని కూడా అంది. అంత పెద్ద మనసు ఆనాడు మాకెవరికీ లేదు.

ఆ తరువాత నా విభాగంలో కొన్ని పద్ధతులు మారాయి. జవాబులో ఎవరి పేరు వ్రాస్తున్నామో ఆ మనిషిని ముందుగా అడగాలి. ఆ రోజుల్లో వారికి సెలవు లేదని చూసుకోవాలి. పెండింగులో ఉన్న పనుల జాబితా వారి చేతికివ్వాలి. పేరుతో పాటు ఫోను నంబరు ఉండాలి. ఆరు నెలల ప్రసూతి సెలవైతే మధ్యలో ఒకసారి ఆ పేరు ఇంకా సరిగ్గానే ఉందో లేదో చూడాలి. అంతకాలంలో ఆ మనిషే ఉద్యోగం మారిపోవచ్చు. మరొకటి. అవుట్‌లుక్‌లోనూ జీమెయిల్‌లోనూ 'నా పరిచయస్తులకు మాత్రమే జవాబు పంపు' అనే ఎంపిక ఉంటుంది. అపరిచితుల బెడద తప్పుతుందని కొందరు దానిని ఎంచుకుంటారు. మావంటి విభాగాల్లో అది తగదు. ఆసుపత్రి వరండాలో నిలబడి వ్రాసే మనిషి మన పరిచయస్తుల జాబితాలో ఎప్పుడూ ఉండడు.

భాష సంగతి కూడా చెప్పాలి. 2008లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, స్వాన్సీ నగర కౌన్సిల్ ఒక రహదారి ఫలకం వేయించింది. భారీ వాహనాలకు ప్రవేశం లేదని పైన ఇంగ్లీషులో ఉంది, కింద వెల్ష్ భాషలో అదే ఉండాలి. అనువాదకుడికి మెయిల్ పంపితే వెంటనే వెల్ష్‌లో జవాబు వచ్చింది. దానినే అనువాదమనుకుని ఫలకం మీద ముద్రించారు. 'నేను ప్రస్తుతం కార్యాలయంలో లేను, అనువదించవలసినవి ఉంటే పంపండి' అని దాని అర్థం. ఈ ముచ్చట విని నవ్వుకుంటాం గాని, తెలుగు తప్ప మరొకటి చదవలేని మనిషికి మన ఇంగ్లీషు జవాబు కూడా అటువంటి ఫలకమే. అందుకే మా జవాబుల్లో ఇంగ్లీషు కింద తెలుగులో రెండు వాక్యాలు ఉంటాయి.

ఇంత చేసి మస్జిదులో కూర్చున్నాక ఫోను తెరిచి మెయిళ్ళు చూసేవారు కూడా ఉన్నారు. కాబా ఎదుట కూర్చుని మెయిళ్ళకు బదులిచ్చానని గర్వంగా చెప్పుకున్నవారిని నేనెరుగుదును. వారి సంస్థ వారిని నిజంగా వదిలిపెట్టిందో లేదో అన్నది వేరే ప్రశ్న. జర్మనీలోని డైమ్లర్ సంస్థ 2014లో ఒక పద్ధతి తెచ్చింది. ఉద్యోగి కోరుకుంటే సెలవులో వచ్చిన మెయిళ్ళు వాటంతట అవే తొలగిపోతాయి, పంపినవారికి ఆ సంగతితో పాటు మరొకరి చిరునామా అందుతుంది. 50 మంది, ఆపై సిబ్బంది ఉన్న సంస్థలు పనివేళల తరువాత మెయిళ్ళ విషయమై ఉద్యోగులతో చర్చించాలని ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుండి చట్టం అమలులోకి వచ్చింది. మన దేశంలో సుప్రియా సూలే లోక్‌సభలో ఇటువంటి బిల్లునే ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. చట్టం లేనిచోట ఉన్నది తోటి ఉద్యోగి ఒక్కరే. ఎతెకాఫ్ రోజుల్లో నా పని చూసేది మా విభాగంలోని హిందూ సోదరి. సంక్రాంతికి ఆమె అమలాపురం వెళితే ఆమె పని నాది. ఐదేళ్ళుగా ఈ మార్పిడి సాగుతోంది.

మొన్నటి కనుమ నాడు కార్యాలయంలో మేము ఏడుగురమే ఉన్నాం. ఆమె జవాబులోని నా నంబరు చూసి ఒక స్త్రీ ఫోను చేసింది. మా డ్రైవరు ఒకరి భార్య. కరీంనగర్ ఆసుపత్రిలో భర్తను చేర్చింది, బీమా కార్డు ఇంట్లో ఉండిపోయింది. ఆమె పక్కింటి కుర్రాడి చేత మెయిల్ పంపించిందట. వచ్చిన జవాబులోని తెలుగు వాక్యాలు తానే చదువుకున్నానని చెప్పింది. అప్పగింత జాబితాలో డ్రైవరు వివరాలు వెతికి నంబరు చెప్పాను, ఆసుపత్రికి మెయిల్ పంపాను. పావుగంట పట్టింది. ఆమె నా పేరు అడగలేదు. ఫోను పెట్టేసేవరకు నన్ను 'మేడమ్ గారి బదులు సార్' అనే పిలిచింది.