అప్పీలు చేయడం అవిశ్వాసమా?



మా సంఘములో ఒక మాజీ సైనికుడు ఉన్నారు. ఫిరంగుల దగ్గర పదిహేడేళ్లు పనిచేసి వచ్చారు. చెవులు సరిగా వినపడవు. వాక్యము చెప్పేటప్పుడు ముందు వరుసలో కూర్చొని మా పెదవులే చూస్తారు. మెడికల్ బోర్డు ఆయన వైకల్యం 30 శాతం అని రాసింది గాని, సర్వీసు వల్ల రాలేదని కూడా రాసింది. వికలాంగ పెన్షన్ రాలేదు.

ఆ ఉత్తరం పట్టుకొని ఆయన మా దగ్గరకు వచ్చారు. మేము చదవకుండానే ప్రార్థన చేసి, "దేవుడు చూసుకుంటాడు, వదిలేయండి బ్రదర్" అన్నాము. ఆయన వదిలేశారు.

ఐదేళ్ల తరువాత ఆయన భార్య ఆ కాగితం మా చేతిలో పెట్టి, "అయ్యగారండీ, ఇది ఒక్కసారి చదవండి" అన్నది. ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చని అందులోనే ఉంది. మాకు సిగ్గు కలిగింది.

అప్పుడు తెలుసుకున్నాము. ఆ పెన్షన్ రావాలంటే వైకల్యం సర్వీసు వల్ల రావాలి, లేక సర్వీసులో ముదరాలి. 20 శాతానికి తగ్గకూడదు. చేరినప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే అది సర్వీసులోనే వచ్చిందని అనుకోవాలనీ, రుజువు భారం సైనికుడిది కాదనీ సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. పై అధికారులు అప్పీలు కొట్టేస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి.

ఆలస్యంగానే అప్పీలు పంపాము. కొట్టేశారు. ఇప్పుడు దరఖాస్తు చెన్నైలో ఉంది. గెలిచినా, ఆలస్యంగా వెళ్లినవారికి సాధారణంగా వెనకటి మూడేళ్ల బకాయే ఇస్తారట. అంతకు ముందు పోయిన సొమ్ము మా తొందర మాటకు ఆ కుటుంబం కట్టిన వెల. ఆయన ముందు ఒప్పుకున్నాము. ఆయన నవ్వి, "కాస్త గట్టిగా చెప్పండయ్యగారూ" అన్నారు. రెండోసారి చెప్పడం మరీ కష్టమైంది.

ప్రియులారా, పౌలు కైసరు ఎదుట చెప్పుకొంటానన్నాడు. అది అవిశ్వాసము కాదు. న్యాయాధిపతిని విసిగించిన విధవరాలిని ప్రభువు తప్పు పట్టలేదు. మీ పొరుగువాడు కాగితం తెస్తే ముందు చదవండి, తరువాత మోకరించండి. తేదీ కూడా చూడండి.

ఈ సహోదరుని కొరకు ప్రార్థించండి. ఆమేన్.