అణుబాంబు: తప్పనిసరియా, న్యాయమా?

గత విద్యాసంవత్సరమున మన కళాశాలలో జరిగిన వాదోపవాద పోటీలో ఉర్దూ, తెలుగు విద్యార్థులము కలిసి పాల్గొన్నాము. "యుద్ధాన్ని ముగించుటకు అణుబాంబును ప్రయోగించుట న్యాయమే" అన్నది విషయము. చీటీలు తీయగా, సమర్థించే పక్షము మా వంతుకు వచ్చినది. గెలిచాము కూడా. కాని ఆనాటినుండి మా మనస్సులకు శాంతి లేదు. ఆ సంగతిని పాఠక మిత్రులకు నివేదించుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మా వాదము బలహీనమైనదేమీ కాదు. 1945లో ఒక్క ఒకినావా దీవి కోసం జరిగిన పోరులో 12 వేలకు పైగా అమెరికన్లు, వారికి అనేక రెట్లుగా జపాను సైనికులూ దీవివాసులూ నశించారు. జపాను ప్రధాన భూభాగముపై దండెత్తితే మరెన్ని ప్రాణాలు పోయేవో! చైనా మొదలు ఆగ్నేయాసియా వరకు జపాను సైన్యం క్రింద నలుగుతున్న ప్రజలకు యుద్ధము సాగిన ప్రతి దినమూ మృత్యుదినమే. ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై బాంబులు పడినవి. 15న జపాను చక్రవర్తి లొంగుబాటును రేడియోలో ప్రకటించాడు. "కొందరి మరణము ఎందరినో కాపాడినది" అని ముగించాము. చప్పట్లు మ్రోగినవి.

సభ ముగిసి వెలుపలికి వస్తుండగా ఇంటర్మీడియట్ చదివే తమ్ముడొకడు మాలో ఒకరిని ఆపి అడిగాడు: "అన్నా, మీరు చెప్పిన ఆ కొందరిలో బడిపిల్లలు లేరా?"

మేము బదులు చెప్పలేకపోయాము. తరువాత గ్రంథాలయములో వెదకి చదివాము. ఆ ఉదయము హిరోషిమాలో వేలాది బడిపిల్లలు, మంటలు వ్యాపించకుండా ఇండ్లు తొలగించే పనిలో ఆరుబయట ఉన్నారు. 1945 చివరికి ఆ నగరములో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించారు. నాగసాకి ఆనాటి మొదటి లక్ష్యము కూడా కాదు. కోకురా నగరము సరిగా కనిపించనందున విమానము అటు మళ్లినది. ఏ నగరము చావవలెనో ఆకాశములోని మసక నిర్ణయించినచోట న్యాయమునకు తావెక్కడ?

అంతేగాక, జనము లేని చోట బాంబు శక్తిని ముందుగా చూపవలెనని కొందరు శాస్త్రజ్ఞులు జూన్ లోనే కోరారు. ఆగస్టు 8న సోవియట్ యూనియన్ కూడా జపానుపై యుద్ధము ప్రకటించినది. లొంగుబాటుకు అసలు కారణమేదో చరిత్రకారులు నేటికీ వాదించుకొనుచున్నారు. మేము తిరుగులేనిదని చెప్పిన లెక్క అంత నిశ్చయమైనది కాదన్నమాట.

ఆ పోటీలో మా ఉర్దూ మిత్రులు పదే పదే "మజ్బూరీ" అన్నారు. మేము "తప్పనిసరి" అన్నాము. కాని మజ్బూరీ వేరు, ఇన్సాఫ్ వేరు. ఒక పని ఎందుకు జరిగినదో చెప్పినంత మాత్రాన అది న్యాయమైపోదు. నేడు మన దేశముతో సహా తొమ్మిది దేశాల చేతిలో అణ్వస్త్రాలున్నవి. వాటిని ప్రయోగించదలచిన ఏ పాలకుడైనా యుద్ధాన్ని త్వరగా ముగించుటకేనని అనగలడు. ఆనాడు మేము చెప్పిన మాటలే అతనికి చాలును.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ విషయమునే మరల పోటీకి పెట్టండి. ఈసారి చీటీలు తీయనక్కరలేదు. మేము ఎదుటి పక్షమున నిలుస్తాము. ఓడినా సరే.