ఇంటిలోని రొద

హ్రస్వతరంగ ప్రసారాలు వినే అభిరుచి గలవారికి గరగర ధ్వనియే ప్రథమ శత్రువు. మా విశాఖపట్నంలో ఆ నింద సాధారణంగా రేవు మీదనో, ఉక్కు కర్మాగారం మీదనో పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి నగరమంతటా విద్యుత్తు నిలిచిపోయింది. ఆ చీకటి రాత్రులలో బ్యాటరీతో నడిచే నా రేడియో, కిటికీకి కట్టిన బారెడు తీగతోనే, దూరదేశాల స్వరాలను అతి నిర్మలంగా వినిపించింది. రొదకు మూలం మన గోడల నడుమనే ఉన్నదని అప్పుడు బోధపడింది.

విద్యుత్తు వచ్చిన పిదప, రేడియోను బ్యాటరీపైనే ఉంచి ఇంటిలోని ఉపకరణాలను ఒక్కొక్కటిగా ఆపి చూశాను. ఫోను చార్జరు, ఎల్‌ఈడీ దీపం దోషులని తేలింది. అవి విద్యుత్ప్రవాహాన్ని సెకనుకు వేలసార్లు తెంపి కలుపుతాయి. ఇంటి తీగలు ఆ అలజడిని వెదజల్లుతాయి. అందువలన ఏరియల్‌ను వాటికి దూరంగా మేడపైకి చేర్చి, కోయాక్సియల్ తీగతో క్రిందికి దింపి, ఆ తీగను ఫెర్రైట్ వలయంలో కొన్ని చుట్లు త్రిప్పాను. ఉప్పుగాలికి తుప్పుపట్టిన అతుకులు కూడా రొదను పుట్టిస్తాయి గనుక వాటిని ఏటేటా గీకి టంకం వేస్తాను. ఉరుములు వినిపించగానే ఏరియల్‌ను విప్పివేస్తాను.

విద్యార్థి మిత్రులారా! తుపానులు మన తీరానికి కొత్త కావు. రొదలో మునిగిన హెచ్చరిక, రాని హెచ్చరికతో సమానం. దూరపు మాట వినగోరువాడు ముందుగా తన ఇంటి రొదను అణచుకోవాలి.