ఉప్పల్ టు నాచారం... ఓ గోల్ఫ్ నడక!

ఉప్పల్‌లో గోల్ఫ్ కోర్సు లేదు. నాచారంలోనూ లేదు. అయినా డెబ్బై ఏళ్ల గోల్ఫ్ ఆటగాడి పక్కన ఈ రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు నడిస్తే... ఆ ఆట ముసలితనంతో ఎందుకంత స్నేహంగా ఉంటుందో, మన రోడ్లు ఎందుకు ఉండవో తెలిసొస్తుంది.

చిన్నప్పుడు చిర్రగోనె ఆడారా? ఆంధ్ర వైపు బిళ్లంగోడు అంటారు. కర్ర పట్టుకుని చిన్న బిళ్లను ఎంత దూరం పోతే అంత దూరం కొట్టడం. గోలీలాట కూడా ఆడే ఉంటారు. గురిచూసి గోలీని గుంతలో పడెయ్యాలి. ఈ రెండు ఆటల్నీ కలిపి, వందెకరాలకు పైగా పచ్చిక పరిచి, పద్దెనిమిది గుంతలు తవ్వితే... అదే గోల్ఫ్! కాకపోతే చిర్రగోనె పదిహేనేళ్లకే మానేస్తాం. గోల్ఫ్ చాలామంది నలభై దాటాక మొదలుపెడతారు. మన కపిల్‌దేవ్ కూడా బంతి పక్కనపెట్టాకే గోల్ఫ్ కర్ర పట్టాడు.

హైదరాబాద్‌లో గోల్ఫ్ అంటే గోల్కొండ నయాఖిల్లా గుర్తొస్తుంది, గచ్చిబౌలి గుర్తొస్తుంది. రెండూ ఊరికి పడమటి కొసనే. నాచారం నుంచి అక్కడికెళ్లి ఆడి రావాలంటే ఆటకంటే ప్రయాణమే అలుపు.

ఈ మాట మా బావగారికి చెబితే నవ్వారు. ఆయన డాలస్‌లో ఉండబట్టి ముప్పై ఏళ్లు దాటింది. వయసు డెబ్బై. ఏటా చలికాలం రెండు నెలలు అక్కతో కలిసి నాచారంలోని సొంతింటికి వస్తారు. ఈసారి ఒక పని పెట్టుకుని వచ్చారు. ఇల్లు అమ్మేయడమా? లేక అక్కడి సంసారం చుట్టేసి ఇక్కడికే వచ్చి ఉండిపోవడమా?

‘‘ఏమనుకుంటున్నారు బావా?’’ అని అడిగా.

‘‘నా మోకాళ్లను అడిగి చెబుతా. గోల్ఫ్‌లో పద్దెనిమిది గుంతలు తిరిగితే ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్ల నడక. ఉప్పల్ రింగురోడ్డు నుంచి మన చెరువు దాకా కూడా దాదాపు అంతే కదా. ఒకసారి నడిచి చూద్దాం పద’’ అన్నారు.

మొదటి గుంత... ఆకాశంలో!

డిసెంబరు పొద్దు. ఆరున్నరకు ఆటోలో ఉప్పల్ కూడలిలో దిగాం. ఒకవైపు వరంగల్ రోడ్డు, ఒకవైపు నాగోలు మీదుగా ఎల్బీనగర్, ఇంకోవైపు రామంతాపూర్, మరోవైపు హబ్సిగూడ, సికింద్రాబాద్. జిల్లాల బస్సులు, సిటీ బస్సులు, ఆటోలు... అన్నీ ఇక్కడే కలుస్తాయి. ఒకప్పుడు ఈ కూడలి దాటడమంటే పెద్దవాళ్లకు ప్రాణగండమే. చేయి పైకెత్తి, దేవుడి మీద భారం వేసి అడుగు వేయాల్సిందే.

2023 జూన్‌లో ఇక్కడ ఆకాశ వంతెన తెరిచారు. పొడవు సుమారు 660 మీటర్లు. కూడలి చుట్టూ తిరుగుతూ మెట్రో స్టేషన్‌ను కలుపుతుంది. మెట్లున్నాయి, లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. బావగారు లిఫ్టు ఎక్కి పైకొచ్చి, కింద కదులుతున్న బస్సుల్ని కాసేపు చూశారు. ‘‘మీ అక్కకు మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను మొదట అడిగేది ఇదే. మెట్లెన్ని అని! ఇక్కడ ఆ ప్రశ్నే లేదు’’ అన్నారు.

నిజమే. కుర్రాళ్లకు లిఫ్టు సౌకర్యం మాత్రమే. అరవై దాటినవాళ్లకు మాత్రం ఇల్లు కదలడానికీ, ఇంట్లో కూర్చోవడానికీ మధ్య ఉన్న తేడా అదే. లిఫ్టు ఒక్కరోజు ఆగితే ఆ రోజు వాళ్లకు ఊరే లేదు.

175 పరుగులు... 36 ఏళ్లు

వంతెన దిగి హబ్సిగూడ వైపు నడక. నెత్తిన మెట్రో దారి. 2017 నవంబరులో నాగోలు నుంచి మొదలైన రైలు ఇది. ఉప్పల్ తర్వాతి స్టేషన్ పేరే స్టేడియం. రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి దారి అటే.

2009 నవంబరు 5 రాత్రి గుర్తుందా? ఆస్ట్రేలియా 350 కొట్టింది. సచిన్ ఒంటిచేత్తో 141 బంతుల్లో 175 పరుగులు చేశాడు. వన్డేల్లో పదిహేడు వేల పరుగులు దాటింది కూడా ఆ రాత్రే. చివరికి మూడంటే మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. అప్పుడు సచిన్ వయసు 36. ‘ఈ వయసులో కూడా ఏం ఆడాడు!’ అని ఊరంతా ఆశ్చర్యపోయింది.

‘‘చూశావా, మీ క్రికెట్‌లో 36 అంటేనే ముసలితనం. అదే సంవత్సరం గోల్ఫ్‌లో టామ్ వాట్సన్ అని 59 ఏళ్లాయన బ్రిటిష్ ఓపెన్ దాదాపు గెలిచేశాడు. తుంటి మార్పిడి ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు! ఆఖరి గుంత దగ్గర తడబడి ప్లేఆఫ్‌లో ఓడాడు’’ అన్నారు బావగారు. ఆయన దగ్గర ఇంకో ముచ్చట కూడా ఉంది. 1979లో శామ్ స్నీడ్ అనే ఆటగాడు తన 67వ ఏట, కుర్రాళ్లతో పోటీపడుతూ, సరిగ్గా 67 దెబ్బల్లో ఆట ముగించాడట. రెండు రోజుల తర్వాత 66! వయసంత స్కోరు, లేదా అంతకంటే తక్కువ చేయడం గోల్ఫర్లందరి కల. వయసు పెరిగేకొద్దీ అందుకోవాల్సిన అంకె కూడా పెరుగుతుంది. ముసలితనం లాభించే లెక్క ఇదొక్కటేనేమో!

ఆట నేర్పే లెక్క

అసలు సంగతి వేరే ఉంది. దాని పేరు హ్యాండీక్యాప్.

పద్దెనిమిది గుంతలకు నిపుణుడు కొట్టాల్సిన దెబ్బలు సాధారణంగా 72. బావగారికి 95 పడతాయి. ఆయన హ్యాండీక్యాప్ ఇరవై. అంటే 95లోంచి ఇరవై తీసేస్తారు. లెక్కలోకి వచ్చేది 75. ఎదుటివాడు పాతికేళ్ల కుర్రాడై, హ్యాండీక్యాప్ అయిదై, 82 కొట్టాడనుకోండి... వాడి లెక్క 77. గెలిచింది మా బావగారు! ఇది దయ కాదు, ఆట నియమం. 2020 నుంచి ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి. ఆఖరి ఇరవై ఆటల్లో బాగా ఆడిన ఎనిమిదింటిని తీసుకుని ఈ అంకె కడతారు. నడుం పట్టేసిన రోజులు కాదు, ఒళ్లు సహకరించిన రోజులే లెక్క.

‘‘అరవై అయిదు దాకా పాత దూరం నుంచే కొట్టేవాణ్ని. ఇప్పుడు ముందున్న టీ నుంచి కొడతా. ఒకప్పుడు నడుం పూర్తిగా తిప్పేవాణ్ని. ఇప్పుడు సగమే. బంతి తక్కువ దూరం పోతుంది. కానీ తిన్నగా పోతుంది’’ అన్నారు. గోల్ఫర్లకు ఎక్కువగా దెబ్బతినేది నడుమే. కుడిచేతి వాటం వాళ్లకు కర్ర విసిరిన ప్రతిసారీ బరువంతా ఎడమ మోకాలి మీదికి మళ్లుతుంది. బావగారి ఎడమ మోకాలికి పట్టీ ఉంది.

సైన్సు నీడలో...

ఎన్‌జీఆర్‌ఐ గోడ పక్క నడక హాయిగా ఉంటుంది. లోపలి చెట్లు రోడ్డు మీదికి నీడ పరుస్తాయి. భూగర్భాన్ని చదివే ఈ సంస్థ 1961 నాటిది. ఇదే రోడ్డు మీద ముందుకెళితే సీసీఎంబీ, ఐఐసీటీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. భూమి లోపలి పొరల నుంచి జీవకణం దాకా, మందుల నుంచి అన్నం ముద్ద దాకా అన్నింటికీ పరిశోధనశాలలు ఈ నాలుగైదు కిలోమీటర్లలోనే ఉన్నాయి. వాటిల్లో పనిచేసి రిటైరైనవాళ్లలో చాలామంది హబ్సిగూడ, నాచారం కాలనీల్లోనే ఇళ్లు కట్టుకున్నారు. పొద్దున్నే మంకీ క్యాపుల్లో ఎదురయ్యేవాళ్లలో ఎవరు ఏ శాస్త్రవేత్తో చెప్పలేం!

సైన్సు చెప్పేది సూటిగానే ఉంది. ముప్పై దాటాక పదేళ్లకోసారి కండరాల్లో 3 నుంచి 8 శాతం తరిగిపోతుందని అంచనా. అరవై దాటితే ఆ వేగం పెరుగుతుంది. కండ తగ్గితే తూలడం, తూలితే పడటం, పడితే తుంటి విరగడం. పడతామన్న భయంతో కదలడం మానేస్తే కండ ఇంకా తగ్గుతుంది. ఈ చక్రాన్ని తెంపేది కదలికే. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫర్లను పరిశీలించి 2008లో వెల్లడించిన అధ్యయనంలో, వాళ్ల మరణాల రేటు మిగతావాళ్లకంటే 40 శాతం తక్కువని తేలింది. గొప్పతనమంతా కర్రదే అనుకోనక్కర్లేదు. గంటల తరబడి నడక, నలుగురు తోడు, బయటి గాలి... ఇవన్నీ కలిస్తేనే ఆ ఆట.

అయితే ఆ మూడూ హబ్సిగూడలో దొరకవా?

పది సెకన్ల దూరం

దొరుకుతాయి. కానీ దాటాలి! హబ్సిగూడ కూడలి దగ్గర కుడివైపు తిరిగితే నాచారం రోడ్డు. సిగ్నల్ పడింది. నేను ముందుకు నడిచా. వెనక్కి చూస్తే బావగారు కదల్లేదు. రెండోసారి సిగ్నల్ పడ్డాకే వచ్చారు.

ఇక్కడా ఒక లెక్క ఉంది. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో చాలా దేశాల్లో పాదచారుల సిగ్నళ్లు పెడతారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు చాలు. డెబ్బై దాటిన మోకాళ్లు 0.8 మీటర్లే నడిస్తే అదే రోడ్డుకు 30 సెకన్లు కావాలి. తేడా పది సెకన్లు. గోల్ఫ్ ఇరవై దెబ్బలు వదిలేస్తుంది. రోడ్డు పది సెకన్లు వదలదు.

నాచారం రోడ్డులో పరీక్ష మరింత గట్టిది. ఫుట్‌పాత్ ఉన్నట్టే ఉండి ఒక దుకాణం ముందు మాయమవుతుంది. మళ్లీ కొంతదూరం తర్వాత అడుగున్నర ఎత్తులో ప్రత్యక్షమవుతుంది. ఎక్కడం దిగడంతోనే సగం ఓపిక పోతుంది. బావగారు ఫుట్‌పాత్ వదిలేసి రోడ్డు అంచున నడిచారు. అక్కడ స్కూలు బస్సులు. వీటి మధ్య ఓ మందుల దుకాణం అరుగు మీద రెండుసార్లు కూర్చున్నాం. యజమాని ఏమీ అనలేదు. ‘‘కూర్చోండి పెద్దాయనా’’ అని స్టూలు కూడా వేశాడు. నాచారం మీద నమ్మకం కలిగేది ఇలాంటిచోటే.

ఈ ప్రాంతం కూడా వయసు మీదపడినదే. పారిశ్రామికవాడలో ఉద్యోగాలని ఊళ్లనుంచి వచ్చినవాళ్లు, షిఫ్టులు చేసి పిల్లల్ని చదివించినవాళ్లు... ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. పిల్లలు బెంగళూరులోనో, బావగారిలా అమెరికాలోనో. ఇళ్లు మిగిలాయి. మోకాళ్లు అరిగాయి.

పంతొమ్మిదో గుంత

హెచ్‌ఎంటీ నగర్... పేరులోనే ఫ్యాక్టరీ ఉన్న కాలనీ. పక్కనే పెద్ద చెరువు. మేం చేరేసరికి తొమ్మిదైంది. కట్ట మీద నడిచేవాళ్లు నడుస్తున్నారు, కబుర్లు చెప్పేవాళ్లు కూర్చున్నారు. చెరువులోకి మురుగు చేరుతోందన్న బాధ కాలనీవాళ్లది ఏళ్లనాటిది. గాలి అటు తిరిగినప్పుడు ముక్కుకు తెలుస్తుంది. అయినా నీళ్ల మీద ఎండ పడితే కాసేపు నిలబడబుద్ధేస్తుంది.

గోల్ఫ్ కోర్సులో పద్దెనిమిది గుంతలయ్యాక క్లబ్బులో కూర్చుని కబుర్లాడుకోవడాన్ని సరదాగా ‘పంతొమ్మిదో గుంత’ అంటారట. మాకు చాయ్ బండే పంతొమ్మిదో గుంత. అక్క ఇంటి నుంచి నెమ్మదిగా నడిచి అక్కడికే వచ్చింది.

‘‘మోకాళ్లేమన్నాయి?’’ అంది.

‘‘ఉప్పల్ పాసు. హబ్సిగూడ ఫెయిలు. మందుల షాపాయన గ్రేసు మార్కులు వేశాడు’’ అన్నారు బావగారు. అక్క నవ్వలేదు. ‘‘అక్కడైతే కారు లేకుండా పాల ప్యాకెట్టు కూడా తెచ్చుకోలేను. ఇక్కడ చెరువు దాకా నా కాళ్ల మీద వచ్చా. నాకు ఏడు కిలోమీటర్లు అక్కర్లేదు. ఈ అరకిలోమీటరు చాలు’’ అంది.

బావగారు చాయ్ తాగడం ఆపి ఆమె వైపు చూశారు. ఆ సాయంత్రం ఇల్లు చూడటానికి వస్తానన్న మనిషికి ఫోన్ చేసి, ఈ ఏడాదికి వద్దన్నారు. వచ్చే ఏడాది సంగతి ఇంకా తేలలేదు. డాలస్‌లో మనవలున్నారు మరి!

మీరూ నడవాలంటే...

* మొత్తం దూరం ఒకేరోజు అక్కర్లేదు. ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ... వరసగా మెట్రో స్టేషన్లున్నాయి. అలసిపోతే ఎక్కడైనా రైలెక్కేయొచ్చు. నాచారం రోడ్డులో ఆటోలు దొరుకుతాయి.

* రోడ్డు గోల వద్దనుకుంటే మూసీ వైపు ఉప్పల్ భగాయత్‌లో 2019లో తెరిచిన శిల్పారామం ఉంది. వెళ్లేముందు వేళలు కనుక్కోండి.

* వారానికి కనీసం 150 నిమిషాల నడకతోపాటు, 65 దాటినవాళ్లు వారంలో మూడు రోజులైనా ఒంటి నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలన్నది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటంతో మొదలుపెట్టొచ్చు.

* ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా ఆగిపోండి. వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.

* తోడు ఒకరుండాలి. మీకంటే కాస్త నెమ్మదిగా నడిచేవాళ్లయితే మరీ మంచిది!