బ్రస్సెల్స్‌లో పుల్లటి బీరు

బ్రస్సెల్స్ వెళ్లినవాళ్లు చాక్లెట్లు కొనుక్కుని వచ్చేస్తుంటారు. మిడీ రైల్వేస్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, 1900లో మొదలైన కాంటియోన్ బ్రూవరీ ఉంది. ఇప్పటికీ ఒక కుటుంబం చేతిలోనే నడుస్తోంది.

ఇక్కడ ఈస్టు కలపరు. బార్లీ, గోధుమలతో కాచిన వేడి కషాయాన్ని పైకప్పు కింద వెడల్పాటి రాగి తొట్టిలో పోసి రాత్రంతా వదిలేస్తారు. గాలిలోంచి వచ్చిపడే సూక్ష్మజీవులే పులియబెడతాయి. మన తాటికల్లు కుండలో తనంత తనే పులిసినట్టన్నమాట! కాకపోతే కల్లుకు ఒక పూట చాలు, దీనికి చెక్క పీపాల్లో మూడేళ్లదాకా పడుతుంది. సాలెగూళ్లనూ దులపరు, పురుగుల సంగతి సాలీళ్లే చూసుకుంటాయి.

ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు నిలవున్నవి కలిపి సీసాలకెత్తితే 'గూజ్'. తొలి గుక్కకి నిమ్మకాయ కొరికినట్టు మొహం ముడుచుకుంటుంది. చేదు తక్కువ. సన్నటి బుడగలు, పచ్చి యాపిల్ వాసన, దాని వెనకే పాత ధాన్యపు కొట్టు వాసన. మామూలు బీరు అనుకుని తాగితే నచ్చదు. చింతపండు పులుసు తిని పెరిగిన నాలుకైతే రెండో గుక్కకే రాజీపడుతుంది.

అంతా చలి చేతిలో ఉంది. రాత్రి తగినంత చల్లబడకపోతే కషాయం పాడవుతుంది. అందుకే చలి నెలల్లోనే కాస్తారు. 2015 నవంబరులో రాత్రులు వెచ్చగా ఉండటంతో పొయ్యి ఆర్పేసి, చలి కోసం ఎదురుచూశారు.